రెండో బంతి

బెరెజా, సస్కాచువాన్
సెప్టెంబరు 14, 2015

రోగాల చదువులో చేరిన మా లారిస్సాకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి, మూడోసారి పక్కింటి వెర్నా చేత చదివించాను. ఇద్దరికీ అర్థమైంది ఒక్కటే: నువ్వు డాక్టరువి కావడం లేదు. నాడి చూడవు, మందివ్వవు, కనీసం నాలుక చాపమనవు. జబ్బు ఎంతమందికొచ్చింది, ఎక్కణ్ణించి వచ్చింది అని లెక్క కడతావు. దానికి తోడు ఇంకో సబ్జెక్టు, విపత్తు రాకముందే సిద్ధంగా ఉండటం ఎలా అని. అమ్మడూ, మన రాష్ట్రంలో దానికి యూనివర్సిటీ ఎందుకే? చలికాలం రాగానే కారు డిక్కీలో ఒక పార, ఒక దుప్పటి, ఒక కొవ్వొత్తి పడేస్తాం. చదువు పూర్తయింది, పట్టా ఇప్పించు.

ఊళ్లో మాత్రం డాక్టరు చదువనే చెప్పాను. పరువు మాటేమిటి మరి? ముసలి మెట్రో తన మోకాలి సంగతి నిన్ను అడగమన్నాడు. ఎడమది. అది ఎంతమందికి నొప్పి పెడుతోందో లెక్క కట్టి చెప్పు, సంతోషిస్తాడు.

అక్టోబరు నాలుగున ఊరి హాలులో, పంటలయ్యాక ఏటా పెట్టే కోళ్ల విందు. వంటగదికి పెద్దను ఈ ఏడూ నేనే. టర్కీలు ఒకరు, బంగాళాదుంపలు ఒకరు, గుమ్మడి పైలు నలుగురు. క్యాబేజీ ఆకులో మాంసం, అన్నం పెట్టి ఉడికించే చుట్టలు మాత్రం నావి. ఇంకెవరూ చేస్తామని అడగరు, నేను అడగనివ్వను. రెండు బంతులు పెట్టాలి. నువ్వు రెండో బంతికైనా అందుకోవాలి.

ఫోన్ చేస్తానంటావు. వద్దు. ఫోనులో నీ మాట నాకు వినబడదు, నా మాట ఊరందరికీ వినబడుతుంది. చెవి మిషను పెట్టుకోమని మళ్లీ రాయకు. వినితీరాల్సినంత మంచి మాట ఇక్కడెవరూ అనడం లేదు.

నీ క్షేమం కోరే చెవిటిది,
ఒరీసియా పెద్దమ్మ

*

సస్కటూన్
సెప్టెంబరు 23

వంటగది సర్వసేనాని పెద్దమ్మకు,

మెట్రో తాతతో చెప్పు, మోకాలు ఎనభై ఆరేళ్లు పనిచేసింది, ఇక దానికి పింఛను ఇవ్వమని.

నిన్న క్లాసులో ఉత్తుత్తి వరద వచ్చింది. లేని నది పొంగి లేని పట్టణం మునిగింది. నన్ను దానికి మేయరును చేశారు. గొప్పగా పాలించాను. తాగునీళ్లు ఎవరు తేవాలని కమిటీ వేశాను. కమిటీ వాళ్లు భోజనానికి వెళ్లి తిరిగొచ్చేలోపు నా ప్రజల్లో మూడోవంతుకు విరేచనాలు పట్టుకున్నాయి. మా పంతులమ్మ లషాన్స్ నా భుజం తట్టి, "ఫర్వాలేదు, నిజమైన మేయర్లు కూడా ఇంతే" అంది.

నవ్వుకో. కానీ ఈ చదువు నాకు నచ్చింది పెద్దమ్మా. ఒక్క మనిషిని చూస్తే కనబడనిది పదిమందిని పక్కపక్కన పెడితే కనబడుతుంది. అది చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

విందుకు రాలేను, మర్నాడు పరీక్ష. నా వాటా చుట్టలు వెర్నా ఆంటీకి పెట్టు. ఆవిడ ఎలాగూ అడగకుండానే తీసుకుంటుంది.

మునిగిన పట్టణానికి మాజీ మేయరు,
లారిస్సా

*

బెరెజా
అక్టోబరు 9

మేయరమ్మకు,

విందు దివ్యంగా జరిగింది. రెండు బంతులూ నిండాయి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లు వచ్చాయి. మొదటి బంతిలో ఫాదరు గారు నా చుట్టలు రెండుసార్లు వడ్డించుకుని, మూడోసారి పళ్లెం జరుపుతూ ఆకాశం వైపు చూశారు. దేవుడు అనుమతించాడనుకుంటాను, మళ్లీ వడ్డించాను.

తర్వాత చిన్న సంగతి ఒకటి జరిగింది. సోమవారం తెల్లారేసరికి ఊళ్లో చాలా ఇళ్లల్లో ఒకే ఒక్క గది ముందు జనం బారులు తీరారు. కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆ తర్వాత సంగతి రాయను, నీకు దానిమీదే డిగ్రీ ఇస్తారు. ముప్ఫైమందికి పైనే. మెట్రోను ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు నర్సులను తిడుతున్నాడట, అంటే కోలుకుంటున్నట్టే.

ఏదో గాలి సోకింది, అంతకంటే ఏమీ లేదు. ఆరోగ్య కార్యాలయం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాడి వయసు కన్నా మా పొయ్యి వయసు ఎక్కువ. గిన్నెలు కడిగే తొట్టెకు ఫోటోలు తీశాడు, తువ్వాలు వాసన చూశాడు, కారణం తేలేదాకా హాలులో వంట బంద్ అన్నాడు. క్రిస్మసు లోపల ముగ్గురు నలుగురు ముసలివాళ్లు పోయేలా ఉన్నారు, వాళ్ల దినభోజనాలు ఎక్కడ పెట్టాలి? కాస్త ఆగి పొమ్మని చెప్పనా?

నువ్వు కంగారుపడి రావద్దు. నాకేమీ కాలేదు.

పెద్దమ్మ

*

సస్కటూన్
అక్టోబరు 12

పెద్దమ్మా!

ఏమి నా భాగ్యం! క్లాసులో అందరూ ఎప్పటివో పాత జబ్బుల లెక్కలు పుస్తకంలో చూసి చేసుకుంటుంటే, నాకు మా ఊళ్లోనే నిఖార్సైన ఉపద్రవం దొరికింది. లషాన్స్ మేడం ఆరోగ్య కార్యాలయంతో మాట్లాడారు. వాళ్లకు చేతినిండా పని, మనుషులు తక్కువ. లెక్క నేను కట్టవచ్చన్నారు.

ప్రశ్నల కాగితాలు ఈ కవరులో ఉన్నాయి. విందులో ఏమేం తిన్నారు, ఏ బంతిలో కూర్చున్నారు, జబ్బు చేసిందా, ఎప్పుడు. పేరు రాయక్కర్లేదు. బాగున్నవాళ్లకు పోస్టాఫీసులో ఒక పెట్టె పెట్టు, నింపి అందులో వేస్తారు. జబ్బుపడినవాళ్ల ఇళ్లకు నువ్వే వెళ్లి రాయించు. నీ మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు కదా.

ఇది బాగా చేస్తే వచ్చే వేసవిలో నాకు అక్కడే ఉద్యోగం ఇస్తారేమో. ప్రార్థన చెయ్యి.

ఎగిరి గంతేస్తున్న
లారిస్సా

*

బెరెజా
అక్టోబరు 24

లారిస్సాకు,

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. మీ ఊరు కడుపు పట్టుకుంటే నీకు భాగ్యం కలిగింది. సరే, ఎవరికో ఒకరికి కలిసొచ్చింది, సంతోషం. మెట్రోకు చెబితే ఇంకో రెండు రోజులు ఆస్పత్రిలో ఉండేవాడు, నీకు ఇంకా మంచి మార్కులొచ్చేవి.

నీ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పెన్ను అందించి ఎదురుగా నిలబడ్డాను. "నా చుట్టలు తిన్నావా?" అని అడిగితే "అయ్యో, తినకుండానా! ఎంత రుచి!" అని పొట్ట పట్టుకునే చెప్పారు. నెట్టీ చేసే జెల్లీ ఉందే, కేరెట్టు తురుము, మార్ష్‌మెల్లో కలిపినది, అది కూడా అందరూ తిన్నారట. నేను చూస్తుండగా ఆ గిన్నె వెళ్లినట్టే తిరిగొచ్చింది. కానీ నెట్టీ మొగుడు ఊరి కౌన్సిలులో ఉన్నాడు, ఎవరు కాదంటారు?

కట్ట పంపుతున్నాను. లెక్క కట్టుకో. నీ ఉద్యోగం కోసం ప్రార్థన మాత్రం నువ్వే చేసుకో. ఈ వారం నా ప్రార్థనలు వేరే ఉన్నాయి.

పెద్దమ్మ

*

సస్కటూన్
నవంబరు 3

ప్రియమైన పెద్దమ్మకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ముందుగా, "భాగ్యం" అన్నందుకు చెంపలేసుకుంటున్నాను.

లెక్క తేలింది. టర్కీ తిన్నవాళ్లకూ తిననివాళ్లకూ తేడా లేదు. బంగాళాదుంపలు, పైలు, అంతే. తేడా ఒక్క చోట ఉంది. జబ్బుపడినవాళ్లు దాదాపు అందరూ క్యాబేజీ చుట్టలు తిన్నామన్నారు. బాగున్నవాళ్లలో సగంమందే తిన్నామన్నారు.

కానీ ఆగు. తప్పు నాది అయివుంటుంది. జబ్బుపడినవాళ్ల ఎదురుగా నువ్వు నిలబడి అడిగావు. వండినావిడ మొహం మీద తినలేదని చెప్పే మగాడు మన ఊళ్లో పుట్టలేదు. పెట్టెలో వేసినవాళ్లు నిజం రాశారు. లషాన్స్ మేడం ఇది చూసి, "నీ ప్రశ్నలు వంటమనిషి చేత అడిగించావా?" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మర్యాద కోసం చెప్పినమాట ఇది, నిజం కాదు, అని రాసి లెక్క పక్కన పడేయమంటావా? నువ్వు ఊ అంటే చాలు.

లారిస్సా

*

బెరెజా
నవంబరు 9

కుమారి లారిస్సా గారికి,

మీ నివేదిక చేరింది. లెక్క పక్కన పడేయవద్దు. మర్యాద కోసం ఎవరూ చెప్పలేదు. వాళ్లు చుట్టలు తిన్నారు, తిని జబ్బుపడ్డారు. ఒరీసియా వండింది అని రాయండి. స్పెల్లింగు మీకు తెలుసు.

నేను గరిటె దించేశాను. కమిటీకి కారణం దొరికింది, ఆరోగ్య కార్యాలయం కుర్రాడికి నేరస్థురాలు దొరికింది, కొత్త థర్మామీటరు కొనిపించి హాలు తెరిచాడు. ఇంట్లో వండి తేవద్దని గోడకు ఒక కాగితం కూడా అంటించాడు. మన ఊళ్లో కాగితం గోడకు అందం కోసమే. వంటగదికి ఇప్పుడు వెర్నా పెద్ద. అందరికీ సుఖం.

వెర్నా రోజూ సూపు తెస్తోంది. నా చెయ్యి పట్టుకుని, "వయసొచ్చింది ఒరీసియా, చెయ్యి తప్పుతుంది, అందరికీ వచ్చేదే" అని ఓదారుస్తోంది. నా కన్నా ఆవిడ పెద్దది. వింటున్నాను. సూపులో ఉప్పు ఉండటం లేదు, అదీ తాగుతున్నాను.

మీరు బాగా చదువుకోండి.

ఒరీసియా

*

సస్కటూన్
నవంబరు 16

పెద్దమ్మా,

"గారు" అన్నావు. చలి జ్వరమొచ్చినట్టు అయింది. తిట్టు, కానీ అలా మర్యాదగా మాత్రం రాయకు.

నాకు నీ మీద అనుమానం వచ్చింది. చుట్టల మీద కాదు, నీ మీద. నువ్వు తప్పు ఒప్పుకున్నావు. నాకు తెలిసి నువ్వు ఒప్పుకున్న మొట్టమొదటి తప్పు ఇదే. ఆ పొగమంచులో ట్రాక్టరుతో చర్చి కంచె గుద్దినప్పుడు కూడా కంచె తప్పు చోట ఉందన్నావు.

అందుకని కాగితాలు మళ్లీ తీసి బంతుల ప్రకారం విడదీశాను. మొదటి బంతిలో నీ చుట్టలు తిన్నవాళ్లందరూ నిక్షేపంగా ఉన్నారు. ఫాదరు గారు మూడుసార్లు తిని కూడా మర్నాడు పూజ చేశారు. పడినవాళ్లు అందరూ, ఒక్కరు మిగలకుండా, రెండో బంతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ కడబంతే మునిగింది.

ఒకే చేయి, ఒకే పొయ్యి, ఒకే రోజు. మొదటి బంతికి ఏమీ కాని వంట రెండో బంతికి విషం ఎలా అయింది? రెండో బంతికి వడ్డించినవి ఎక్కడివి పెద్దమ్మా?

నా మార్కుల కోసం అడగడం లేదు.

నీ లారిస్సా

*

బెరెజా
నవంబరు 23

ఒసే పోలీసూ,

యూనివర్సిటీ వాళ్లు నీకు మంచిచెడ్డలు నేర్పకపోయినా కూపీ లాగడం బాగా నేర్పారు. చదివి కాల్చెయ్.

చాలలేదు. నా చుట్టలు చాలలేదు. రాసేశాను. మొదటి బంతి లేచేసరికి తపేలా అడుగున పది పన్నెండు మిగిలాయి. బయట రెండో బంతి జనం తలుపు దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటున్నారు. నా జన్మలో నా వంట చాలకపోవడం లేదు. మా అమ్మ జన్మలో లేదు. తపేలా మీద మూత పెట్టేశాను.

వెర్నా నా మొహం చూసింది. ఇంటికి పరుగెత్తి, కొడుకు కుటుంబం కోసం శనివారం వండి పెట్టుకున్న తపేలా నిండు చుట్టలు వెనక తలుపులోంచి తెచ్చింది. కొడుకు ఎప్పట్లాగే రానన్నాడు. నావి మిగిలినవాటి మీద తనవి గుమ్మరించి, ఓవెన్లో కాసేపు పెట్టి, "ఎవరికి తెలుస్తుంది పోనీ" అని గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. రెండో బంతి తిన్నవి వెర్నావి. పొగిడింది నన్ను.

మొదటి బంతి వాళ్లు బాగున్నారని తెలిసినరోజే నాకు అర్థమైంది. వెర్నాకు కాలేదు. తన చేత్తో చేసింది ఎలా తప్పవుతుంది? నా అడుగు చుట్టలే చెడిపోయి తనవాటిని కూడా చెడగొట్టాయని అనుకుంటోంది. అనుకోనీ. నా పరువు కాపాడిన మనిషిని ఊరి ముందు నిలబెట్టనా? దానికోసం ఒరీసియా వంట చాలలేదని కూడా చాటింపు వెయ్యాలి. విషం పెట్టిందన్న మాట పడతాను, కూడు చాలలేదన్న మాట పడలేను. నీకిది మూర్ఖత్వంగా ఉంటుంది. ఉండనీ.

మాంసంలోనే ఏదో దోషం ఉండి ఉంటుంది, అదొకసారి, అయిపోయింది. వెర్నా ఇప్పుడు చాలా శ్రద్ధగా ఉంది. డిసెంబరు ఆరున సెయింట్ నికొలస్ పండుగకు బడిపిల్లలందరికీ హాలులో భోజనం. నాలాగా కొరత రాకూడదని శనివారమే ఇంట్లో మూడు తపేలాలు వండేసి, వేడి చల్లారకుండా వాళ్లమ్మ బొంతలు చుట్టి వరండాలో పెడుతుందట. ఆ శ్రద్ధ నాకు లేకపోయింది.

నోరు మూసుకుని ఉండు.

పెద్దమ్మ

*

సస్కటూన్
నవంబరు 27

పెద్దమ్మా,

ఎత్తిపొడుపులు ఇవాళ లేవు. కూర్చుని ఇది చదువు.

మాంసంలో దోషం లేదు. బొంతే. వెర్నా ఆంటీ అక్టోబరులో కూడా బొంత చుట్టి ఉంటుంది, అవునా? మాంసం, అన్నం పెద్ద తపేలాలో ఉడికాక కొన్ని క్రిములు చావకుండా నిద్రపోతాయి. వేడిగా ఉన్నంతసేపు లేవవు. చల్లగా ఉన్నా లేవవు. బొంత చుట్టి రాత్రంతా గోరువెచ్చగా ఉంచితే లేచి కోట్లవుతాయి. కాసేపు ఓవెన్లో పెట్టి వెచ్చబెడితే చావవు. ఆవిడ ఆ తపేలాను చలిలో వదిలేసి మరచిపోయి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ప్రేమ ఎక్కువైంది, అంతే.

మెట్రో తాత సెలైన్‌తో బయటపడ్డాడు. ఈసారి తినేది ఐదేళ్ల పిల్లలు. వాళ్ల ఒంట్లో నీళ్లు పోతే ఎంతసేపు నిలబడతారు? నువ్వు నోరు మూసుకుని కాపాడుతున్నది వెర్నా ఆంటీని కాదు. నువ్వు గరిటె దించి ఆవిడ చేతికిచ్చావు, అదే బొంతతో సహా.

వండగానే చిన్న పళ్లేల్లో పల్చగా పరిచి చలిలో పెట్టాలి. తినేముందు పొగలు కక్కేలా కాచాలి. ఇంతే. నువ్వు చెప్పకపోతే డిసెంబరు మూడో తేదీ తర్వాత ఆరోగ్య కార్యాలయానికి నేను చెబుతాను. అప్పుడు నువ్వు నాతో మళ్లీ మాట్లాడవని తెలుసు. నాకు భయంగా ఉంది. అయినా చెబుతాను.

నువ్వే చెప్పు పెద్దమ్మా. నీ నోటితో చెబితే ఆవిడ తట్టుకుంటుంది.

లారిస్సా

*

బెరెజా
డిసెంబరు 7

లారిస్సాకు,

రెండో తేదీన నేను పంపిన కార్డు మీద "నేనే చెబుతాను, నువ్వాగు" అని ఒక్క ముక్క చూసి నువ్వు ఆగావు. అందుకు ఋణపడ్డాను. ఆగమన్నాను కానీ మూడు రోజులు వెర్నా ఇంటి దాకా వెళ్లి వెనక్కొచ్చాను. ఒకసారి పిండి అప్పడిగాను, ఒకసారి తీసుకున్న పిండి తిరిగిచ్చాను.

శనివారం వెళ్లేసరికి మూడు తపేలాలూ పొయ్యి మీంచి దింపి ఉన్నాయి. బొంతలు కుర్చీ మీద మడత పెట్టి ఉన్నాయి.

"రావే, కూర్చో. నువ్వేం ముట్టుకోకు, ఊరికే కూర్చో," అంది. ముట్టుకోవద్దట. ఇంకో రోజైతే ఆ మాటకు ఆవిడ జుట్టు నా చేతిలో ఉండేది.

"ఆ బొంతలు చుట్టకే," అన్నాను.

"చుట్టకపోతే చల్లారిపోవూ?"

"చల్లారాలి. లారిస్సా చెప్పింది."

"అది డాక్టరు కాదన్నావుగా!"

"కాదు. అయినా చెప్పింది. వెర్నా, అక్టోబరులో జనం మంచాన పడింది నా చుట్టలకు కాదే. నీ చుట్టలకు."

ముందు నవ్వింది. తర్వాత ఆ బొంతల మీదే కూలబడింది. "మరి ఇన్నాళ్లూ నేను సూపు తెచ్చి, చెయ్యి తప్పిందని నిన్ను ఓదారుస్తుంటే... నోరు మూసుకుని తాగావుటే?" అంది.

"ఉప్పు లేకపోయినా తాగాను."

"ఎందుకు చెప్పలేదే?"

"ఆ రోజు వెనక తలుపులోంచి తపేలా తెచ్చి నన్ను ఒక్క మాట అనకుండా పోయావు. అందుకు."

"పో," అంది. "మా ఇంట్లోంచి పో." వచ్చేశాను. మా వంటింటి కిటికీలోంచి చూస్తే చుట్టలన్నీ పళ్లేల్లో పరిచి మంచు మీద పెడుతోంది. ఏడుస్తూ పెడుతోంది. వెళ్లి సాయం చెయ్యాలనిపించింది. ధైర్యం చాలలేదు.

నిన్న హాలులో, ఫాదరు గారు దణ్ణం పెట్టేముందు, వెర్నా లేచి నిలబడింది. నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. "ఒరీసియా చుట్టలు రెండో బంతికి చాలకపోతే నావి పెట్టాం. మీరు మంచాన పడింది నా వంటకు. ఒరీసియా నిందంతా తను మోసింది," అని గడగడా చెప్పేసి కూర్చుంది.

మెట్రో కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు. ఆస్పత్రిలో వారం పడి ఉన్న మనిషి, వెర్నాను ఏమంటాడో అని నేనూ సగం లేచాను. ఆయన నా వైపు తిరిగి, "ఏంటీ, ఒరీసియా వంట చాలలేదా?" అన్నాడు.

అంతే. ఊరు ఊరంతా తిరిగి నన్ను చూసింది. నెలరోజులుగా విషం పెట్టిన మనిషిగా ఆ హాలులో తలెత్తుకు తిరిగాను. నిన్న తల వంచుకున్నాను.

పిల్లలు తిన్నారు. పొగలు కక్కుతుంటే ఊదుకుంటూ తిన్నారు. మళ్లీ అడిగి తిన్నారు. నేను ముద్ద ముట్టలేదు. నువ్వు చెప్పినట్టే అన్నీ చేసింది, అయినా ఒక్కో పిల్లాడి మొహం చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున్నే మంచులో నడుచుకుంటూ బడికి వెళ్లాను. ఎంతమంది రాలేదమ్మా అని గుమాస్తాను అడిగాను. ఎందుకండీ అంది. లెక్క కోసం అన్నాను. ఒక్కడే రాలేదట, పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్లాడట. కడుపునొప్పి? ఎవరికీ లేదట. మళ్లీ అడిగాను, మళ్లీ అదే చెప్పింది. నాకు చెవుడని ఆ పిల్ల మూడోసారి గట్టిగా అరిచింది.

బయటికొస్తే మెట్ల కింద వెర్నా. ఒంటి మీద కోటు కూడా సరిగా వేసుకోలేదు. పైకి రాకుండా రెయిలింగు పట్టుకుని నిలబడింది. శనివారం నుంచి నాతో మాట లేదు. నన్ను చూసి, లెక్క చెప్పమన్నట్టు ఒక మెట్టెక్కి ఆగింది.

"ఎవరికీ ఏమీ లేదే," అన్నాను.

అక్కడే, ఆ మంచు మెట్టు మీదే కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. లోపల గంట కొట్టారు.

నీ పెద్దమ్మ,
ఒరీసియా